పాసుపుస్తకంలో ఎవరి పేరు?

మోగని ఫోను

ఒక ఊరు అనుకుందాం. తెలంగాణలో పత్తి పండే నల్లరేగడి ఊరు. అది 2025 జూన్ నెల. మృగశిర కార్తె వచ్చి పది రోజులైంది. రెండు మంచి వానలు పడ్డాయి. ఊరంతా విత్తనాల పనిలో ఉంది.

పొద్దున్నే వేపచెట్టు గద్దె మీద నలుగురు కూర్చున్నారు. ఒకాయన జేబులో సెల్‌ఫోను టింగుమంది. తీసి చూసుకున్నాడు.

"పడ్డయ్! రైతుభరోసా పైసలు పడ్డయ్!" అన్నాడు.

ఆయనకు ఎకరం భూమి ఉంది. 6,000 రూపాయలు పడ్డాయి. ఆ తరువాత రెండెకరాల వాళ్ళకు పడ్డాయి. మూడెకరాల వాళ్ళకు పడ్డాయి. ఐదెకరాల వాళ్ళకూ పడ్డాయి.

ఆ ఊళ్ళో ఒక ఇంట్లో అత్తా కోడలూ ఉన్నారు. వాళ్ళకు 2 ఎకరాల 20 గుంటల భూమి ఉంది. వాళ్ళ ఫోను మాత్రం మోగలేదు.

అత్త విత్తనాలు ఉద్దెర తెచ్చింది. ఆ ఏడు పత్తి విత్తనాల పొట్లం ధర 901 రూపాయలు. ఎకరానికి రెండు పొట్లాలు వేసుకున్నారు. రెండున్నర ఎకరాలకు ఐదు పొట్లాలు. మొత్తం 4,505 రూపాయలు. "రైతుభరోసా పడంగనే ఇస్త" అని దుకాణంలో చెప్పింది. దుకాణదారు పుస్తకంలో రాసుకున్నాడు. నోటితో ఏమీ అడగలేదు. కానీ ఆమె ఆ దారిన పోయినప్పుడల్లా తలెత్తి చూస్తున్నాడు.

"అత్తమ్మా, మనయి ఎందుకు పడలే?" అని కోడలు అడిగింది.

"అందరికీ పడ్డంక మనకు పడ్తయి బిడ్డా" అన్నది అత్త.

కానీ ఆమెకు లోపల భయంగానే ఉంది. సంక్రాంతి పోయిన వారానికి ఆమె భర్త చనిపోయాడు. ఆయనకు 61 ఏళ్ళు. కాయితాలన్నీ ఆయనే చూసేవాడు. అత్త పెళ్ళైన కొత్తలో రాత్రి బడికి పోయింది. లాంతరు వెలుగులో అక్షరాలు నేర్చుకుంది. తరువాత పిల్లలు, పొలం పనులు. చదువు చేయి జారింది. ఇప్పటికీ కూడబలుక్కుని చదవగలదు. సంతకం చేయగలదు. కానీ ఇంట్లో ఉన్న పాసుపుస్తకం మాత్రం ఆమె ఎప్పుడూ తెరిచి చూడలేదు.

రెండు చోట్ల నుంచి పైసలు

పక్కింట్లో ఉండే ఆయన ఆమెకు వరుసకు మరిది అవుతాడు. ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏం వదినె, పైసలు పడలేదట? మోదీ పైసలా, రాష్ట్రం పైసలా?" అన్నాడు.

"పైసలన్నీ ఒకటే కాదా?" అన్నది అత్త.

ఒకటే కాదు. చాలామంది ఇక్కడే తికమక పడతారు.

ఒకటి కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది. దాని పేరు పీఎం కిసాన్. ఇది 2019 ఫిబ్రవరిలో మొదలైంది. ఏడాదికి 6,000 రూపాయలు. ఒకేసారి ఇవ్వరు. నాలుగు నెలలకొకసారి 2,000 చొప్పున మూడుసార్లు వేస్తారు. మొదట 5 ఎకరాల లోపు వాళ్ళకే అన్నారు. ఆ ఏడాదే ఆ హద్దు తీసేశారు. ఎకరం ఉన్నా 6,000. పదెకరాలు ఉన్నా అదే 6,000. ఇది కుటుంబం లెక్క. మొగుడు, పెళ్ళాం, 18 ఏళ్ళు నిండని పిల్లలు కలిస్తే ఒక కుటుంబం. ఆ కుటుంబంలో ఒక్కరికే వస్తుంది. మొగుడికీ పెళ్ళానికీ ఇద్దరికీ భూమి ఉన్నా ఒకరే తీసుకోవాలి. ఇద్దరూ తీసుకుంటే ఒకరివి వెనక్కి కట్టాలి.

ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు ఇది రాదు. ప్రభుత్వ ఉద్యోగులకు రాదు. అయితే అటెండరు వంటి నాలుగో తరగతి ఉద్యోగులకు వస్తుంది. నెలకు 10,000, అంతకంటే ఎక్కువ పింఛను వచ్చే రిటైరు ఉద్యోగులకూ రాదు.

రెండోది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేది. తెలంగాణలో ఇది 2018 మే 10న రైతుబంధు పేరుతో హుజూరాబాద్‌లో మొదలైంది. అప్పుడు పంటకు ఎకరానికి 4,000 ఇచ్చారు. మొదటిసారి చెక్కులు పంచారు. తరువాత నుంచి బ్యాంకు ఖాతాలో వేశారు. 2019 వానాకాలం నుంచి 5,000 చేశారు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2025 జనవరి 26న రైతుభరోసా అని పేరు మార్చి 6,000 చేశారు. వానాకాలం పంటకు 6,000. యాసంగి పంటకు 6,000. అంటే ఏడాదికి ఎకరానికి 12,000.

ఇది కుటుంబం లెక్క కాదు, ఎకరం లెక్క. భూమి ఎక్కువ ఉంటే పైసలు ఎక్కువ. ఎకరం ఉన్నవాడికి 6,000 వస్తే, పదెకరాలు ఉన్నవాడికి 60,000 వస్తాయి. ఇది న్యాయమేనా అని మొదటి నుంచీ అడుగుతున్నవాళ్ళు ఉన్నారు. అడగవలసిన మాటే.

గుంటకు ఎంత?

"మనకు ఎంత రావాలె అత్తమ్మా?" అన్నది కోడలు.

లెక్క చేసి చూద్దాం. ఎకరానికి 40 గుంటలు. ఎకరానికి 6,000 రూపాయలు. 6,000ను 40తో భాగించాలి. గుంటకు 150 రూపాయలు వస్తుంది.

2 ఎకరాలకు 12,000. 20 గుంటలకు 20 సార్లు 150, అంటే 3,000. మొత్తం 15,000 రూపాయలు.

ఆంధ్ర వైపు గుంటలు చెప్పరు. సెంట్లు చెబుతారు. ఎకరానికి 100 సెంట్లు.

మీ పాసుపుస్తకం తీయండి. మీకు ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు రాసి ఉన్నాయో చూడండి. మీకు పంటకు ఎంత రావాలో కాయితం మీద రాయండి. ఖాతాలో అంతే పడిందా? పుస్తకంలో 2.20 అని ఉంటే 2 ఎకరాల 20 గుంటలు అని చదవాలి. అంటే రెండున్నర ఎకరాలు. రెండుంపావు కాదు.

రైతువేదికలో

మరునాడు అత్తా కోడలూ రైతువేదికకు పోయారు. రైతువేదిక అంటే వ్యవసాయ విస్తరణ అధికారి కూర్చునే చోటు. సుమారు 5,000 ఎకరాలకు ఒక అధికారి ఉంటారు. వీళ్ళ దగ్గర ఉన్న అధికారి వయసులో చిన్న అమ్మాయి. ముందు ఎవరూ మాట్లాడలేదు. ఆమే పలకరించింది.

"ఏంటమ్మా, పైసలు పడలేదా? పాసుపుస్తకం తెచ్చారా?"

అత్త సంచీలోంచి పాసుపుస్తకం తీసి ఇచ్చింది. అధికారి దాన్ని తెరిచింది. కానీ తాను చదవలేదు. అత్త వైపు తిప్పింది.

"ఇక్కడ ఏముందో చదవండమ్మా."

అత్త కళ్ళద్దాలు పెట్టుకుంది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివింది. పట్టాదారు పేరు. ఆ గీత మీద ఆమె భర్త పేరు ఉంది. పక్కన ఆయన ఫోటో ఉంది. అత్త కాసేపు ఆ ఫోటో మీదే వేలు ఉంచింది.

"సార్ పోయి ఎన్నాళ్ళైంది?" అన్నది అధికారి.

"సంక్రాంతి పోయినంక. ఐదు నెలలు."

"బ్యాంకులో చెప్పారా?"

చెప్పారు. ఆయన ఖాతాలో 3,200 రూపాయలు ఉన్నాయి. నామినీగా అత్త పేరే ఉంది. చావు సర్టిఫికెట్ చూపించి ఆ పైసలు తీసుకున్నారు. ఖాతా మూసేశారు. అక్కడి వరకు సరిగ్గానే చేశారు. కానీ రైతుభరోసా లెక్కలో ఇప్పటికీ ఆయన పేరే ఉంది. ఆయన ఖాతా నంబరే ఉంది. పైసలు పంపితే తీసుకునే ఖాతా లేదు. అందుకే పడలేదు.

"నా ఖాతా నంబరు రాసుకో బిడ్డా. నేను ఆయన భార్యనే కద" అన్నది అత్త.

"మీరు భార్యేనమ్మా. కానీ ఈ పైసలు పట్టా ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకే వస్తాయి. ముందు భూమి మీ పేరు మీదికి రావాలి. దాన్ని విరాసత్ అంటారు. ఆంధ్ర వైపు ఫౌతీ అంటారు."

"ఎప్పటికి అయితది?"

"అది తహసీల్దారు ఆఫీసు పని. నా చేతిలో లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రతి పంటకూ ఒక తేదీ పెడతారు. ఆ తేదీ లోపల కొత్త పాసుపుస్తకం వచ్చినవాళ్ళకే ఆ పంటకు పైసలు. ఈ వానాకాలం తేదీ దాటిపోయింది."

అంటే 15,000 పోయినట్టే. అత్త ఏమీ మాట్లాడలేదు. కోడలు గోడ మీద పోస్టర్ వైపు చూస్తూ నిలబడింది.

"రైతుబీమా అన్న రాదా?" అని కోడలు అడిగింది.

రైతుబీమా 2018 ఆగస్టులో మొదలైంది. పట్టా ఉన్న రైతు ఏ కారణంతో చనిపోయినా ఇంటివాళ్ళకు 5 లక్షల రూపాయలు ఇస్తారు. ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. కానీ 18 ఏళ్ళ నుంచి 59 ఏళ్ళ లోపు వాళ్ళకే అది. ఆయనకు 61. కాబట్టి రాదు.

ఇందులో వయసు ఆధార్ కార్డు చూసి లెక్కపెడతారు. ఆధార్ తీసుకున్నప్పుడు చాలామంది పుట్టిన ఏడు నోటికి వచ్చింది చెప్పారు. నిజంగా 56 ఏళ్ళు ఉన్నా కార్డులో 61 అని ఉంటే 61 కిందే లెక్క. బతికి ఉండగా ఎవరూ దాన్ని పట్టించుకోరు. చనిపోయాక దిద్దించడం కుదరదు.

ఆడబిడ్డ సంతకం

ఆ జూన్ నెలలో తెలంగాణలో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టారు. ఏప్రిల్ 14న భూభారతి అనే కొత్త భూమి చట్టం అమలు మొదలైంది. 2020 నుంచి ఉన్న ధరణి స్థానంలో దాన్ని తెచ్చారు. సదస్సులో తహసీల్దారు, ఆఫీసు సిబ్బంది ఊళ్ళోకే వచ్చి దరఖాస్తులు తీసుకున్నారు. అత్త కూడా దరఖాస్తు పెట్టింది. సదస్సు లేని రోజుల్లో అయితే మీసేవకు పోయి పెట్టుకోవాలి.

ఏమేమి కావాలి? చనిపోయిన ఆయన పాసుపుస్తకం కావాలి. చావు సర్టిఫికెట్ కావాలి. వారసులు అందరి ఆధార్ కార్డులు కావాలి. భూమి ఎవరి పేరు మీద పెట్టాలో వారసులు అందరూ ఒప్పుకున్నట్టు కాయితం కావాలి.

"వారసులు ఎవరెవరమ్మా?" అని ఆఫీసు మనిషి అడిగాడు.

"నేను, నా కొడుకు" అన్నది అత్త.

"బిడ్డలు లేరా?"

"ఒక బిడ్డ ఉన్నది. పెండ్లి చేసి పంపినం. పక్క మండలం."

"ఆమె కూడా వారసురాలే. ఆమె రావాలి."

అత్త ఆశ్చర్యపోయింది. పెళ్ళి చేసి, కట్నం ఇచ్చి పంపాక ఇంకేముంటుంది అనుకుంది. ఊళ్ళో అందరూ అలాగే అనుకుంటారు. కానీ చట్టం అలా లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా మగవాడు చనిపోతే, అతని సొంత ఆస్తిలో భార్యకు, కొడుకుకు, కూతురుకు సమాన వాటా ఉంటుంది. చనిపోయిన ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకు కూడా వాటా ఉంటుంది. పెళ్ళి అయినా కూతురి వాటా పోదు.

అంటే ఈ 2 ఎకరాల 20 గుంటలు 100 గుంటలు. ముగ్గురికి మూడు వాటాలు. ఒక్కొక్కరికి 33 గుంటల పైన వస్తుంది.

ఆ రాత్రి ఇంట్లో మాటలు పెరిగాయి. కొడుకు హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డుగా పని చేస్తున్నాడు. ఫోనులో గట్టిగా మాట్లాడాడు. "చెల్లెకు చెప్పకుండ చేయలేమా? ఆమె వస్తే బావ వాటా అడుగుతడు" అన్నాడు. అత్త ఫోను కోడలికి ఇచ్చింది. కోడలు కాసేపు విని, "నీ చెల్లెను దాచిపెట్టి రేపు కోర్టుల పడ్దమా?" అని పెట్టేసింది. ఆ కోడలికి కూడా పుట్టింట్లో భూమి ఉంది. ఆమె తండ్రి పోయినప్పుడు ఆమె వేలిముద్ర తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో ఎవరూ చెప్పలేదు.

ఆదివారం నాడు కూతురు వచ్చింది. తల్లి దగ్గర కూర్చుంది.

"అమ్మా, ముందు నీ పేరు మీద చేయించుకో. నాకిప్పుడు భూమి అక్కెర లేదు. కని నన్ను లెక్కల పెట్టనట్టు చేయకుండ్రి" అన్నది.

తహసీల్దారు ఆఫీసు నుంచి ముగ్గురికీ నోటీసు వచ్చింది. ముగ్గురూ పోయారు. భూమి తల్లి పేరు మీద పెట్టడానికి కొడుకు ఒప్పుకున్నాడు, కూతురు ఒప్పుకుంది. కూతురు కాయితం మొత్తం చదివింది. ఒకచోట ఆగి "ఇదేంది సార్?" అని అడిగింది. అర్థమయ్యాక సంతకం చేసింది. అత్త కూడా సంతకం చేసింది. ఆఫీసు మనిషి అలవాటుగా స్టాంపు ప్యాడు ముందుకు జరిపాడు. ఆమె పెన్ను అడిగి తీసుకుంది.

ఒక అక్షరం ఎక్కువ

కొత్త పాసుపుస్తకం శ్రావణ మాసంలో వచ్చింది. ఈసారి అత్త ఎవరూ చెప్పకుండానే తెరిచి చదివింది. పేరు సరిగ్గా ఉంది. సర్వే నంబరు సరిగ్గా ఉంది. 2 ఎకరాల 20 గుంటలు సరిగ్గా ఉంది.

తరువాత పాసుపుస్తకం, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం మూడూ నేల మీద వరసగా పరిచారు. ఇంగ్లీషు అక్షరాలు కోడలు చదివింది. ఆధార్‌లో అత్త పేరు చివర ఒక అక్షరం ఎక్కువగా ఉంది. బ్యాంకు పుస్తకంలో ఆ అక్షరం లేదు. మనిషి చూస్తే ఇద్దరూ ఒకటే అని తెలుస్తుంది. కంప్యూటరుకు తెలియదు. ఇలా ఒక్క అక్షరం తేడాతో పైసలు ఆగిపోయినవాళ్ళు ఊరూరా ఉన్నారు. బ్యాంకుకు పోయి ఆధార్‌లో ఉన్నట్టే రాయించుకున్నారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అత్తకు రెండు ఖాతాలు ఉన్నాయి. ఒకటి మహిళా సంఘంలో చేరినప్పుడు తెరిచింది. ఒకటి ఉపాధి హామీ కూలి కోసం తెరిచింది. రైతుభరోసా పైసలు మనం వ్యవసాయ అధికారికి రాసిచ్చిన ఖాతాలో పడతాయి. పీఎం కిసాన్ అలా కాదు. అది ఆధార్ నంబరును పట్టుకుని పోతుంది. ఆఖరుసారి ఏ ఖాతాకు ఆధార్ జోడించారో ఆ ఖాతాలోకి పోతుంది. ఒక బ్యాంకులో చూసుకుని పడలేదని ఏడుస్తుంటే, పైసలు ఇంకో బ్యాంకులో ఊరికే పడి ఉంటాయి. రెండు పుస్తకాలూ ఎక్కించుకుని చూడాలి.

పీఎం కిసాన్‌కు అత్త కొత్తగా పేరు రాయించుకుంది. 2019 ఫిబ్రవరి 1 తరువాత భూమి కొన్నవాళ్ళకు అది రాదు. కానీ భూమి ఉన్నవాళ్ళు చనిపోయి వారసత్వంగా వస్తే ఇస్తారు. ఈకేవైసీ కూడా చేయించుకోవాలి. అంటే ఈ ఆధార్ ఉన్న మనిషి నేనే అని వేలిముద్ర పెట్టో, ఫోనుకు వచ్చిన నంబరు చెప్పో రుజువు చేయడం.

ఫోనుకు వచ్చిన నంబరు అంటే జాగ్రత్త. మీసేవలో మీరు ముందు కూర్చుని ఈకేవైసీ చేయించుకున్నప్పుడు చెప్పే నంబరు వేరు. ఎవరో తెలియని మనిషి ఫోను చేసి అడిగే నంబరు వేరు. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో దొంగ లింకులు తిరుగుతున్నాయి. నొక్కితే ఫోనులో ఏదో ఎక్కుతుంది. తరువాత ఖాతా ఖాళీ అవుతుంది. వాట్సాప్‌లో వచ్చింది ఏదీ నొక్కవద్దు.

దున్నేవాడి పేరు ఎక్కడ?

ఇన్నాళ్ళూ మరిది రోజూ వచ్చి అడిగిపోయేవాడు. ఒకరోజు అత్త అడిగింది.

"నీకు ఎంత పడ్డది మరిదీ?"

"1,500" అన్నాడు.

ఆయన దున్నేది 4 ఎకరాల 10 గుంటలు. అందులో ఆయన సొంతం 10 గుంటలే. 4 ఎకరాలు కౌలు. భూమి యజమాని హైదరాబాద్‌లో ఉంటాడు. ఎకరానికి 12,000 చొప్పున 48,000 కౌలు. సగం ఉగాదికి ఇచ్చాడు. మిగతా సగం ఇవ్వాలి.

10 గుంటలకు 1,500 మరిదికి పడింది. 4 ఎకరాలకు 24,000 యజమానికి పడింది. విత్తనం పెట్టింది మరిది. ఎరువు వేసేది మరిది. వానలు ఎగ్గొడితే మునిగేది మరిది. కౌలు పైసలు యజమానికే పోతున్నాయి, రైతుభరోసా పైసలూ యజమానికే పోతున్నాయి. ఇందులో యజమాని దొంగతనం ఏమీ చేయలేదు. పట్టా ఆయన పేరు మీద ఉంది. అంతే.

భూమిలేని కూలీలకు కూడా 2025 జనవరి 26న ఒక పథకం పెట్టారు. ఇందిరమ్మ ఆత్మీయ భరోసా. ఏడాదికి 12,000. ఉపాధి హామీలో 20 రోజులైనా పనిచేసి ఉండాలి. మరిది పనిచేశాడు. కానీ ఆయనకు 10 గుంటలు ఉన్నాయి కదా. భూమిలేనివాడు కాదు. అదీ రాలేదు.

ఈ బాధ ఇవాళ్టిది కాదు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుల కోసం ఒక చట్టం చేశారు. కౌలు రైతుకు ఏడాదికి ఒక కార్డు ఇవ్వాలన్నారు. ఆ కార్డుతో బ్యాంకులో పంట అప్పు తెచ్చుకోవచ్చు. పంట పోతే పరిహారం అడగవచ్చు. కార్డులు కొందరికే అందాయి. అప్పులు ఇంకా కొందరికే అందాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇంకో చట్టం వచ్చింది. పంట సాగుదారు హక్కు పత్రం ఇస్తారు. అది 11 నెలలు చెల్లుతుంది. దానిమీద యజమాని సంతకం కావాలి. ఆ కార్డుతో భూమి మీద కౌలు రైతుకు హక్కు రాదు. అయినా యజమానులు జంకుతారు. సంతకం పెడితే భూమి పోతుందేమో అనుకుంటారు. 2019 అక్టోబరులో మొదలైన వైఎస్సార్ రైతు భరోసాలో, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు కార్డు ఉంటే ఏడాదికి 13,500 ఇచ్చారు. 2025 ఆగస్టు 2న అక్కడ అన్నదాత సుఖీభవ మొదలైంది. కేంద్రం ఇచ్చే 6,000 కలుపుకుని ఏడాదికి 20,000 అన్నారు. అక్కడ లెక్క ఎకరానికి కాదు, కుటుంబానికి.

తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడే కౌలు రైతును పక్కన పెట్టారు. పాత పహాణీలో అనుభవదారు అని ఒక కాలం ఉండేది. భూమి ఎవరిదైనా, సాగు చేసేవాడి పేరు అందులో రాసేవారు. కొత్త పాసుపుస్తకాలు వచ్చాక ఆ కాలం పోయింది. దానితో పాటే మరిది వంటివాళ్ళ పేరు కాయితాల మీది నుంచి పోయింది. 2023 ఎన్నికలప్పుడు కౌలు రైతులకు కూడా ఇస్తామన్నారు. 2025లో పైసలు వేసింది మాత్రం పట్టా చూసే.

పట్టా లేకపోతే పోయేది రైతుభరోసా ఒక్కటే కాదు. కొనుగోలు కేంద్రంలో వడ్లు అమ్మబోతే పాసుపుస్తకం అడుగుతారు. కౌలు రైతు చనిపోతే రైతుబీమా రాదు.

ఒక్క యూరియా బస్తా దగ్గర మాత్రం మరిదికి, యజమానికి తేడా లేదు. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. అసలు ధర దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. మిగతాది కేంద్రం కంపెనీకి కడుతుంది. ఆధార్ చూపించి వేలిముద్ర పెడితే ఎవరికైనా అదే ధర. ధరలో దాచి ఇచ్చే సబ్సిడీ కొన్నవాడికి అందుతుంది. ఖాతాలో వేసే సబ్సిడీ పేరున్నవాడికి అందుతుంది. అయితే బస్తా దొరకాలి కదా. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టి కూర్చున్నారు.

రసీదు

అత్త విత్తనాల బాకీ మహిళా సంఘంలో 5,000 అప్పు తీసుకుని కట్టింది. దుకాణదారు పుస్తకంలో గీత కొట్టాడు. గీత కొట్టే దాకా ఆమె అక్కడే నిలబడి చూసింది.

ఆ సాయంత్రం మరిది యజమానికి ఫోను చేశాడు. అత్తా కోడలూ పక్కనే ఉన్నారు.

"పటేలా, రైతుభరోసా నీకు పడ్డది గద. మిగిలిన కౌలుల కొంచెం తగ్గియ్యరాదు?" అన్నాడు.

అవతల కాసేపు చప్పుడు లేదు. తగ్గించనన్నాడు యజమాని. ఇంకోసారి అడిగితే, మిగతా 24,000 ఇప్పుడే అక్కర్లేదు, పత్తి ఏరినాక ఇవ్వమన్నాడు. అంతమటుకు వడ్డీ పైసలు మిగిలాయి. మరిది ఫోను పెట్టేసి, "ఇదన్న ఒప్పుకున్నడు" అన్నాడు.

"ఉగాదికి ఇచ్చిన 24,000కు కాయితం ఉన్నదా?" అని కోడలు అడిగింది.

"కాయితమేంది? మాట మీదనే ఇచ్చిన. పదేండ్ల సంది గట్లనే."

"ఆయనే ఉంటే మాట ఉంటది. రేపు ఆయన కొడుకు వచ్చి, నువ్వు ఎన్నడు ఇచ్చినవు అంటే?"

మరిది తల గోక్కున్నాడు. వచ్చే వారం యజమాని ఊరికి వస్తున్నాడు, బీరప్ప పండుగకు. రెండు వరసలు రాసి ఉంచితే సంతకం అడగవచ్చు. అడిగితే ఏమనుకుంటాడో. అయినా అడుగుతానన్నాడు. ఆయనకు రాయడం రాదు.

కోడలు పిల్లల నోటుపుస్తకంలోంచి ఒక కాయితం చింపి తెచ్చింది. అత్త కళ్ళద్దాలు తుడుచుకుంది. కాయితం మోకాలి మీద పెట్టుకుని, పైన తేదీ వేసింది. 'కౌలు పైసలు ముట్టినట్టు రసీదు' అని రాసింది. ముట్టినట్టు అనే మాట దగ్గర ఆగి, ట కింద వొత్తు సరిగ్గా పడిందా లేదా అని చూసుకుంది.

"సర్వే నంబరు చెప్పు మరిదీ" అన్నది.